వంద అంటే ఏం వంద?

రవీందర్‌తో వాదనకు దిగి నెగ్గినవాళ్లు రేగులగూడెం దవాఖానాలో ఇంతవరకు ఎవరూ లేరు. అతని మాటలో అంత న్యాయం ఉంటుందని కాదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాడు, ఎదుటివాడికి ఓపిక అయిపోయేదాకా అదే మాట అంటూ కూర్చుంటాడు, అంతే. అంబులెన్సులో టెక్నీషియన్‌గా ఎనిమిదేళ్ల సర్వీసు. సూది వేస్తే పసిపిల్లలు కూడా గుక్కపట్టి ఏడవరు. నడిరోడ్డు మీద బండి ఆపి తొమ్మిది కాన్పులు చేసిన చేతులు అవి. చెయ్యి బంగారం, నోరే మొండిదని డ్రైవర్ కోటేష్ అతని ముందే అంటుంటాడు.

అతని మొండితనాల్లో ఒక్కదానికి మాత్రం ఎవరూ వంక పెట్టరు. ఆక్సిజన్ సిలిండర్ మీటరులో ముల్లు ఐదు వందలకు తక్కువ ఉంటే బండి గేటు దాటకూడదు. అది రవీందర్ పెట్టిన చట్టం. కలెక్టరు చెప్పినా మారదు.

ఆ చట్టానికి ఒక కథ ఉంది. రెండేళ్ల కింద గోప్యా అనే తండా పెద్దాయనను ఖమ్మం తీసుకుపోతుంటే, ఏన్కూరు దాటగానే సిలిండర్ ఖాళీ అయింది. నిన్ననే కదా నింపించింది అనుకొని రవీందర్ బయలుదేరే ముందు ముల్లు చూడలేదు. ముఖం మీద రబ్బరు సంచి పెట్టి, ఖమ్మం దాకా చేత్తో పిసుకుతూనే ఉన్నాడు. పెద్ద దవాఖానా గేటు చేరేసరికి పిసికి లాభం లేకుండా పోయింది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. ముసలి పానం సారూ, నువ్వేం చేస్తవ్ అని గోప్యా కొడుకులే ఓదార్చారు. ఆ ఓదార్పే రవీందర్‌ను ఎక్కువ కాల్చింది. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాడేమో. అప్పటినుంచి డ్యూటీ ఎక్కితే ముందు ముల్లు, తర్వాతే చాయ్.

ఇక ఆ గురువారం సంగతి. మార్చి నెల, మిర్చి ఏరుడు జోరుగా సాగుతున్న రోజులు. జూలూరుపాడు నుంచి ఏన్కూరు దాకా రోడ్డు నిండా బస్తాల ట్రాక్టర్లే. రవీందర్ రెండు రోజులు సెలవు పెట్టి మధిరలో మరదలి గృహప్రవేశానికి పోయి, ఆ పొద్దున్నే డ్యూటీకి వచ్చాడు. సంతకం పెడుతుండగానే దవాఖానా ముందు ఆటో ఆగింది. అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి జంపయ్య అనే మనిషి తన భార్య జంపక్కను రెండు చేతుల మీద ఎత్తుకొని దిగాడు. ఆమెకు నలభై అయిదు ఉంటాయేమో. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. మాట్లాడబోతే మాట సగంలో తెగిపోతోంది.

స్టాఫ్ నర్సు సరళ పరుగెత్తుకొచ్చింది. ఈ దవాఖానాకు వచ్చి రెండు నెలలే అయిన తండా పిల్ల. చూడ్డానికి పిట్టంత మనిషి, ఆ గొంతుతో మాత్రం మైకు లేకుండా మీటింగు పెట్టొచ్చు. జంపక్క వేలికి క్లిప్పు పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ ఎనభై రెండు. మామూలు మనిషికి తొంభై అయిదు పైన ఉండాలి. వెంటనే గాలి మిషన్ ముక్కుకు తగిలించింది. కరెంటుతో నడిచే ఆ మిషన్ నిమిషానికి అయిదు లీటర్లకు మించి ఇవ్వలేదు. అంకె ఎనభై తొమ్మిది దాకా పాకి అక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ కొత్తగూడెంలో మీటింగులో ఉంది. ఎట్లాగో ఫోన్ కలిస్తే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఉంటుంది, సూది వేసి వెంటనే ఖమ్మం పంపండి, ఆలస్యం చేస్తే కష్టం అని చెప్పింది. అంతలోనే సిగ్నల్ పోయింది. ఆ ఊళ్లో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు కిందికి పోవాలి.

సరళ సూది వేస్తుండగా రవీందర్ స్ట్రెచరు దింపడానికి బండెక్కాడు. అలవాటు కొద్దీ సిలిండర్ వైపు చూశాడు. ముల్లు వంద మీద ఉంది.

"కోటేషూ!"

ఆ కేకకు ఆటో అతను కూడా ఉలిక్కిపడ్డాడు.

"ఏందిరా ఇది? వంద! ఖాళీ బుడ్డి ఏసుకొని తిరుగుతున్నరా రెండు రోజుల సంది?"

కోటేష్ తల గోక్కుంటూ వచ్చాడు. "ఖాళీ ఎందుకుంటదన్నా? మంగళవారమే ఖమ్మంల నింపిచ్చుకొచ్చిన. పాత మీటరు లీకైతుంటే తీసేసి ఈ కొత్తది పెట్టిండ్రు. నిన్న ఒక్క యాక్సిడెంటు కేసుకు వాడినం, గంతే."

"నిండు బుడ్డి అంటే రెండు వేలు చూపియ్యాలె. ఒక్క కేసుకు రెండు వేలు కాస్తా వంద అయిందా? అంటే ఏడనో కారుతున్నది. ఈ బండి కదలదు."

"అన్నా, నేను చెప్పేది జర..."

"కదలదంటే కదలదు."

అంతే, దిగి ట్యాంకు కిందికి పోయాడు. కొత్తగూడెం బండికి ఫోన్ చేశాడు. వాళ్లు వేరే కేసులో ఉన్నారు, రెండు గంటలు పడుతుందన్నారు. రెండు గంటలైనా సరే, నిండు సిలిండర్‌తో రండి అని చెప్పి వచ్చి, ఆ ముక్కే జంపయ్యకు చెప్పాడు. జంపయ్య "అవ్ సారూ" అన్నాడు. పెద్దోళ్లు ఏం చెప్పినా అదే మాట అనే మనిషి. భార్య కాళ్లు ఒళ్లో పెట్టుకొని బల్ల చివర కూర్చున్నాడు. ఆమెతో కోయలో ఏదో మెల్లగా చెబుతున్నాడు, ఆమె కళ్లతోనే ఊ కొడుతోంది.

సరళకు మాత్రం ఒళ్లు మండిపోయింది. క్లిప్పు మీద అంకె ఎనభై తొమ్మిది నుంచి ఎనభై ఏడుకు దిగింది.

"రెండు గంటలు ఈమె ఆగుతదా అన్నా?"

"తొవ్వల గాలి అయిపోతే ఆగుతదా సిస్టర్?"

"అయిపోతదని నీకెవరు చెప్పిండ్రు?"

"ముల్లు చెప్పింది. నువ్వు కొత్తగొచ్చినవ్, ఏం చూడలే. నేను చూసిన. నా చేతులల్లనే చూసిన."

సరళకు గోప్యా సంగతి తెలుసు. ఆ దవాఖానాలో చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఆ కథ ఎవరో ఒకరు చెబుతారు. అందుకే ఇంకొక మాట అనలేక, అట్లాగని ఊరుకోలేక, తనే పోయి బండెక్కింది. రవీందర్ చూపును నమ్మక కాదు, ఊరికే కూర్చుంటే కాళ్లు చేతులు ఆడక.

మీటరు దగ్గరికి ముఖం పెట్టి చూసింది. ముల్లు వంద మీదే ఉంది, నిజమే. కానీ పలక మీద ఆఖరి అంకె రెండు వందల యాభై. ముల్లు మొదలు దగ్గర చీమ తలకాయంత అక్షరాలున్నాయి. కేజీ, ఒక గీత, సీఎం, దాని నెత్తిన చిన్న రెండు.

"అన్నా, జల్దీ ఇటు రా!"

రవీందర్ విసుగ్గానే వచ్చాడు.

"పాత మీటరు మీద ఆఖరుకు ఎంత ఉండె?"

"మూడు వేలు."

"దీని మీద రెండు వందల యాభయే ఉన్నది. నిండు బుడ్డి పెట్టినా ఈ ముల్లు నీ ఐదు వందలకు ఎట్ల పోతదన్నా? అంకెలే లేవు గదా!"

రవీందర్ చూశాడు. లేవు. కానీ ఎనిమిదేళ్ల మొండితనం ఒక్క చూపుకు కరుగుతుందా? "అంకెలు ఏవైతేంది? వంద వందనే."

"వంద అంటే ఏం వంద?" సరళ గొంతు లేచింది. "ఖమ్మం యార్డుల వంద మిర్చి అమ్మిన అంటే వంద బస్తాలా, వంద కిలోలా? బీపీ నూట ఇరవై అని రోజూ రాస్తున్నం, అది పాదరసం ఎంత ఎత్తు లేసిందో ఆ లెక్క. గదే నూట ఇరవై నీ బైకు టైరుల కొట్టు, టైరు ఉంటదా? పాతది పౌండ్లల్ల చూపిచ్చేది. ఇది కేజీలల్ల చూపిస్తున్నది."

"కేజీ పెద్దదా, పౌండు పెద్దదా?"

"కేజీనే."

"ఎంత పెద్దది?"

అక్కడ సరళ ఆగిపోయింది. నర్సింగులో చదివింది, పరీక్షలో రాసింది కూడా. ఇప్పుడు అవసరానికి ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. బరువులో అయితే కేజీకి రెండు పౌండ్ల చిల్లర. కానీ ఇది ఒత్తిడి. పౌండ్లు అంగుళం చదరం చోటు మీద, కేజీలు గోరంత సెంటీమీటరు చదరం మీద. బరువూ వేరే, చోటూ వేరే. ట్యాంకు కింద మాటలకే సిగ్నల్, నెట్టు అక్కడా రాదు. ఫోన్లో చూద్దామంటే చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.

"తెల్వదు," అంది నిజాయితీగా. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కని చాలా పెద్దదన్నా. రెండింతలైతే కాదు."

"చాలా అంటే లెక్క కాదు సిస్టర్. నువ్వు రెండింతలు కాదంటవ్. నిజంగ రెండింతలే అయితే రెండు వందలు. నా ఐదు వందలకు తక్కువనే."

చెప్పొద్దూ, ఈసారి అతని మాటలో న్యాయం ఉంది.

ఇంతసేపూ బండి తలుపు పట్టుకొని వింటున్న కోటేష్ గట్టిగా నవ్వాడు. ఇద్దరూ అతని మీదికి లేచేవాళ్లే, అతను అప్పటికే సీటు కింద పనిముట్ల డబ్బా లాగుతున్నాడు. అంబులెన్సు ఎక్కక ముందు కోటేష్‌కు జూలూరుపాడు సెంటర్లో పంక్చర్ల షాపు ఉండేది. ఆరేళ్లు గాలి కొట్టి, రెండేళ్లు మిర్చి చేలల్లో డ్రిప్పు పైపులు బిగించి, ఆ తర్వాత స్టీరింగు పట్టినవాడు.

"మీరిద్దరు సదువుకున్నోళ్లు. నన్నొక్క మాట అడిగిండ్రా? లారీ డ్రైవర్లు పౌండ్లల్ల చెప్తరు, డ్రిప్పు కంపెనీ ఇంజనీర్లు కేజీలల్ల చెప్తరు. రెండూ తెల్వకపోతే నా షాపు నడుస్తుండెనా?" అంటూ టైరు గాలి చూసే మీటరు తీసి సరళ చేతిలో పెట్టాడు. "బయటి వరుస పౌండ్లు. లోపలి వరుస కేజీలు. ఒక్క కేజీకి ఎదురుంగ ఎంతున్నదో చదువు."

సరళ చదివింది. లోపల ఒకటికి ఎదురుగా బయట పద్నాలుగు దాటి కొంచెం. రెండుకు ఎదురుగా ఇరవై ఎనిమిదిన్నర. అయిదుకు ఎదురుగా డెబ్బై ఒకటి.

"పద్నాలుగింతలు!" సరళ చంటిపిల్లలా గంతేసినంత పని చేసింది. "వంద కేజీలంటే పద్నాలుగు వందల పౌండ్లన్నా! నీ ఐదు వందలకు దగ్గర దగ్గర మూడింతలు!"

"టైరు గాలికీ, పానం పోసే గాలికీ ఒకటే లెక్కనా?" అన్నాడు రవీందర్. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"లోపల ఏ గాలున్నా ఒత్తుడు ఒత్తుడే అన్నా. బుడ్డికేం తెల్సు అది ఎవలకు పోయే గాలో?" అన్నాడు కోటేష్.

రవీందర్ ముఖం చూస్తే జాలేసింది కోటేష్‌కు. ఒప్పుకోవాలని ఉంది, భయం వదలడం లేదు. లెక్క తప్పితే ఏమవుతుందో సరళకూ కోటేష్‌కూ విన్నదే తెలుసు, రవీందర్‌కు చూసింది తెలుసు. అతను సిలిండర్ మెడ మీద చెయ్యి వేశాడు. అక్కడ గుద్దిన అంకె చేతికి తగిలింది. నీళ్లు పోస్తే పది లీటర్లు పట్టే బుడ్డి.

"లెక్క చెప్పు సిస్టర్," అన్నాడు చివరికి. "ఎన్ని నిమిషాలొస్తది?"

సరళ దూది డబ్బా అట్ట మీద రాసింది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక కేజీ. పది లీటర్ల బుడ్డిలో వంద కేజీల ఒత్తిడితో కుక్కారంటే, బయటికి వస్తే దగ్గర దగ్గర వెయ్యి లీటర్ల గాలి. నిమిషానికి అయిదు లీటర్లు వాడితే రెండు వందల నిమిషాలు. ఖమ్మానికి ట్రాక్టర్ల రద్దీలో కూడా గంటన్నర.

"నేననుకున్నట్టు అది వంద పౌండ్లే అయితే?"

"ఏడు కేజీలు. డెబ్బై లీటర్లు. పద్నాలుగు నిమిషాలల్ల ఖతం."

"అయితే పరీక్ష పెడదాం," అన్నాడు రవీందర్. "పేషెంటును ఎక్కిద్దాం. అయిదు మీద పెట్టి ఇక్కడనే నాలుగు నిమిషాలు చూద్దాం. నా మాట నిజమైతే ముల్లు డెబ్బైకి పడాలె. మీ మాట నిజమైతే రెండు గీతలే దిగాలె. పడితే మళ్ల మిషను మీదికి తీసుకపోదాం. పడకపోతే నడువ్."

సరళకు ఇది నచ్చింది. ఎట్లాగూ పడుకోబెట్టి, పట్టీలు బిగించి, సెలైను తగిలించడానికి ఆ మాత్రం పడుతుంది. జంపక్కను ఎక్కించారు. రవీందర్ గడియారం, ముల్లు, గడియారం, ముల్లు చూస్తూ నిలబడ్డాడు. మొదటి నిమిషం కదల్లేదు. నాలుగో నిమిషం అయ్యేసరికి తొంభై ఎనిమిది. కళ్లు నలుపుకొని మళ్లీ చూశాడు. తొంభై ఎనిమిదే.

"నడువ్ కోటేషూ," అన్నాడు.

బండి గేటు దాటింది. ముల్లు మీద వంద చూసి అరిచినప్పటినుంచి లెక్కేస్తే నలభై నిమిషాలు పోయాయి. సరళ దవాఖానాలోనే ఉండిపోయింది, జంపయ్య వెనక కూర్చున్నాడు.

ఏన్కూరు దాకా బాగానే నడిచింది. ఊరు దాటుతుండగా జంపక్క తల ఒక పక్కకు వాలింది. క్లిప్పు మీద ఎనభై నాలుగు. చూస్తుండగానే ఎనభై రెండు. సరిగ్గా ఇక్కడే, ఈ రోడ్డు మీదే, అప్పుడు. సంచి ఉన్న పెద్ద మాస్కు పెట్టి నిమిషానికి పది లీటర్లు ఇవ్వాలి. అది అతనికి తెలుసు. పది ఇస్తే బుడ్డి రెండింతల వేగంతో ఖాళీ అవుతుంది. అదీ తెలుసు. ఇట్లాంటప్పుడు రెండేళ్లుగా అతను చేసే పని ఒకటుంది, ఎవరికీ చెప్పుకోనిది. గాలి సన్నగా తిప్పి పెడతాడు. తొవ్వ పొడుగునా సరిపోవాలని. పేషెంటుకు ఎంత కావాలో అంత కాదు, బుడ్డి ఎంత ఓర్చుకుంటుందో అంత.

ముల్లు ఎనభై అయిదు మీద ఉంది. చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. ఎనభై అయిదు కేజీలు. పదితో హెచ్చిస్తే ఎనిమిది వందల యాభై లీటర్లు. పది లీటర్ల లెక్కన ఎనభై అయిదు నిమిషాలు. ఖమ్మం యాభై నిమిషాలు. లెక్కలో తప్పుందేమోనని మళ్లీ చేశాడు. తప్పు లేదు.

పెద్ద మాస్కు పెట్టి పదికి తిప్పాడు. సంచి నిండుగా ఉబ్బింది. ఎనభై రెండు ఎనభై ఆరయింది, తొంభై అయింది, తొంభై రెండు దగ్గర నిలబడింది. జంపక్క కళ్లు తెరిచి మొగుడి కోసం చూసింది.

ఖమ్మం కనబడేసరికి ముల్లు ముప్పై అయిదుకు వచ్చింది. పద్నాలుగుతో హెచ్చిస్తే సుమారు ఐదు వందల పౌండ్లు. తన చట్టం అక్కడితో సరి. సరిగ్గా అక్కడే బండి ఆగింది.

ముందు మిర్చి ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, లారీలు. ఒక ట్రాక్టరు టైరు ఊడి రోడ్డుకు అడ్డంగా పడుకుంది. సైరను మోగుతూనే ఉంది గానీ పక్కకు తప్పుకోవడానికి ఎవరికీ చోటే లేదు. అయిదు నిమిషాలు. ముప్పై. పది నిమిషాలు. ఇరవై అయిదు. దుమ్ము, ఘాటు, తుమ్ములు. రవీందర్ చెయ్యి మూడుసార్లు తిప్పే మీట మీదికి పోయింది. అయిదుకు తగ్గిస్తే యాభై నిమిషాలు వస్తుంది. తగ్గిస్తే ఆమె అంకె మళ్లీ ఎనభై రెండుకు పోతుంది. చెమటతో అరచేతి మీద రాత చెదిరిపోయింది.

"సారూ," అన్నాడు జంపయ్య, దారి పొడుగునా మొదటిసారి నోరు తెరిచి. "ఉన్నదా గాలి?"

"ఉన్నది. ఇరవై అయిదు నిమిషాలకు ఉన్నది." ఆ మాట జంపయ్యకే చెప్పాడో, తనకే చెప్పుకున్నాడో. చెయ్యి మీట మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "దవాఖానా ఆరు నిమిషాల దూరం. తొవ్వ దొరికితే చాలు."

కోటేష్ అప్పటికే బండి దిగాడు. "జాకీ ఉన్నదా? లేదా? ఏం డ్రైవర్‌విరా నాయనా, జాకీ లేకుండ లోడెత్తినవా!" అని ఆ ట్రాక్టరువాణ్ని తిడుతూ తన జాకీనే తీసుకుపోయి, పదిమందిని పోగుచేసి, ట్రాలీని ఒక పక్కకు ఈడ్పించాడు. సైరనుకు దారి దొరికింది.

పెద్ద దవాఖానా మెట్ల దగ్గర ఆగినప్పుడు ముల్లు పద్నాలుగు మీద ఉంది. జంపక్క అంకె తొంభై ఒకటి. స్ట్రెచరు లోపలికి పోయింది, తలుపు మూసుకుంది.

రవీందర్ మళ్లీ డ్యూటీకి పోవాలి. పోలేదు. వరండాలో బల్ల మీద జంపయ్య పక్కన కూర్చున్నాడు. కోటేష్ రెండు చాయ్‌లు తెచ్చి ఇచ్చి బండి కడగడానికి పోయాడు. గంట గడిచింది, ఇంకో గంట గడిచింది. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

"జంపయ్యా, ఒక్క మాట చెప్పాలె," అన్నాడు రవీందర్. చాయ్ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, చల్లారిపోయింది. "పొద్దుగాల బుడ్డిల గాలి లేదన్న కదా. ఉండె. సాలినంత ఉండె. నేనే ముల్లు తప్పు చదివిన. నలభై నిమిషాలు నిన్ను ఊకెనే కూసోబెట్టిన. ఆమెకేమన్న అయితే అది నా తప్పే. నిన్నెవలన్న అడిగితే నా పేరు చెప్పు. నన్ను తిట్టు, ఏమన్నా అను."

జంపయ్య నేల వైపు చూశాడు. పెద్దోళ్లు ఏమన్నా అవ్ అనే మనిషి, ఇప్పుడు అవ్ అనలేదు, కాదు అనలేదు.

"ఆదివారం సంది ఊపిరాడ్త లేదన్నది సారూ," అన్నాడు చివరికి. "చేను ఏరుడు ఇంక నాలుగు సాళ్లే ఉన్నది, అయిపోయినంక పోదాం అన్న నేను. సోమవారం అట్లనే ఏరింది. మంగళవారం అట్లనే ఏరింది. నిన్న చేన్లనే కూలబడ్డది. నువ్వు నలభై నిమిషాలు ఆపినవ్. నేను నాలుగు రోజులు ఆపిన."

అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుపు చప్పుడు మాత్రం లేదు. రవీందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ముసలి పానం అనో, నువ్వేం చేస్తవ్ అనో అనలేదు. ఆ ఓదార్పు ఎట్లా కాలుస్తుందో అతనికి తెలుసు. చెయ్యి తీసుకుపోయి జంపయ్య వీపు మీద పెట్టాడు, అంతే.

తలుపు తెరుచుకుంది. తెల్ల కోటు అమ్మాయి బయటికి తొంగి చూసింది.

"జంపక్క మనుషులు ఎవరు? నీళ్లు అడుగుతున్నది. మాకు అర్థమైతలేదు, కోయలనో ఏందో తిడుతున్నది కూడా. ఒకరు లోపలికి రండి."

ఇద్దరూ ఒక్కసారే లేచారు.